పసుపు చుట్టకుదురు

ఇంకా యాభై నిమిషాలు. కాలేజీ ఫ్యాషన్ షోలో ఎసినామ్ కలెక్షన్ ఏడోది, అందరికంటే చివర. తెర వెనక తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, సంచీని మోకాళ్ల మధ్య నొక్కి పట్టుకుంది. ఎదురుగా ఇనుప కడ్డీకి ఆమె కుట్టిన ఆరు గౌన్లు వేలాడుతున్నాయి. ఐదింటికి మెడ దగ్గర గుడ్డ మెలిపెట్టి చుట్టిన లావుపాటి చుట్టకుదురు ఉంది. ఆరోదానికి లేదు. ఆరోదానిది సంచీలో ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. ఒకటి అసలుది, ఒకటి నకలు. నకలు తయారుచేయడానికి రెండు వారాలు పట్టింది. అదే పసుపు, అవే నీలం పిట్టలు. టీ నీళ్లలో నానబెట్టి, ఎండలో పడేసి, గరుకు రాయితో రుద్దితే గానీ ఆ పాతదనం రాలేదు. నకలు వేదిక ఎక్కుతుంది, అసలుది సంచీలోనే ఉంటుంది, చీకటి పడకముందే అంతా అయిపోతుంది. ఆమె ఉదయం నుంచి ఇదే మాట తనకు తాను చెప్పుకుంటోంది. బయట జనరేటరు మోత, లోపల ఇస్త్రీపెట్టెల ఆవిరి, ఎవరో నేలమీద ఒలకబోసిన సోబోలో, గోగుపూల పానకం, ఎర్రగా పాదాల దాకా పారుతోంది. ఈ ఏడాది కాలేజీ పెట్టిన నియమం ఒక్కటే. అన్నీ పారేసిన బట్టలతోనే కుట్టాలి. ప్రతి గౌనుకూ ఒక చీటీ రాయాలి, ఆ గుడ్డ ఎక్కడ దొరికిందో, ఎవరిదో. గౌను బయటికి వచ్చేముందు ఆ చీటీని మైకులో చదువుతారు. ఆమె ఆరో చీటీలో రెండే వాక్యాలున్నాయి. సముద్రం ఒడ్డున దొరికింది. ఎవరిదో తెలియదు.

రెండూ అబద్ధాలే.

అబ్లా వచ్చి పక్కన నిలబడింది. ఆమెది మూడో కలెక్షన్, అప్పుడే అయిపోయింది, దుమ్ము దులిపేసుకున్నట్టు ఉంది ముఖం. ఏంటే, గుడ్లు పొదుగుతున్న కోడిలా ఆ సంచీ మీద కూర్చున్నావు, నీ కలెక్షన్ వాసన నీకంటే ముందే వేదిక ఎక్కింది, మొదటి వరసలో పెద్దమనుషులు ముక్కులు మూసుకుంటున్నారు అని నవ్వి, ఆకులో చుట్టిన కెంకే ముద్ద ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పులిసిన మొక్కజొన్న వాసన. ఎసినామ్ దాన్ని విప్పకుండానే పక్కన పెట్టింది. ఐదు నెలల కిందట ఆ రోజు ఉదయం కూడా కెంకేనే తింది. ఫిబ్రవరి, ఎడారి దుమ్ము ఊరంతా కప్పేసిన రోజులు, సూర్యుడు పాత చిల్లర నాణెంలా ఉన్నాడు. మార్కెట్లో వాడేసిన విదేశీ బట్టల ఓడ సరుకు దిగింది. చచ్చిన తెల్లవాళ్ల బట్టలు అంటారు వాటిని ఇక్కడ. మొదట్లో జనం నిజంగానే అలా అనుకున్నారట. బతికున్నవాళ్లు ఇంత మంచి చొక్కా ఎందుకు పారేస్తారు? బేలు విప్పకుండా కొనాలి, లోపల ఏముందో దేవుడికి తెలియాలి. అమ్మేవాళ్లు కత్తితో పట్టీలు కోసేటప్పుడు ప్రార్థన చేసుకుంటారు. మంచివి పోగా మిగిలిన మూడో రకం మురిక్కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి. ఎసినామ్‌కు కావలసింది ఆ మూడో రకమే. మూడో రకం మాత్రమే కట్టిన బేలు ఒకటి చవగ్గా దొరికింది, తడిసినట్టు బరువు. తోపుడుబండి వాళ్లను కాలేజీ వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. అమ్మాయిలనైతే వదులుతాడు. అందుకని ఆమె తలమోతల అమ్మాయిల కోసం చుట్టూ చూసింది.

ముందుకు వచ్చింది ఒక్కతే. సన్నటి పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయేమో, దేశానికి ఉత్తరాన ఉన్న పల్లెల ముఖం, చెంప మీద చిన్న గాటు. మిగతావాళ్లు ఆ బేలును చూసి మాకొద్దు అన్నారు. ఒకామె, అది ఆడపిల్ల మోసేది కాదు, గాడిద మోసేది అని కూడా అంది. ఈ పిల్ల మాత్రం నవ్వి, గాడిదలు మెట్లెక్కవుగా అంది. నడుముకు చుట్టుకున్న పసుపు గుడ్డ విప్పి, దులిపి, ఎడమచేత్తో ఎడమవైపుకు మెలి తిప్పుతూ చుట్టకుదురు చేసింది. అందరూ కుడికి తిప్పుతారు. ఎసినామ్ అప్పుడే గమనించింది, కళ్లకు అలాంటివే కనిపిస్తాయి కదా, కుట్టుపని చేసేవాళ్ల కళ్లకు. చుట్టకుదురు తల మీద పెట్టుకుని పిల్ల మోకాళ్లు వంచి కూర్చుంది. ఇటు ఎసినామ్, అటు బేలు అమ్మినామె, ఇద్దరూ ఎత్తారు. పైకి లేచేటప్పుడు పిల్ల మెడలోని నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. అంత బరువు కింద ఉన్న మనిషి తనంతట తాను ఎత్తుకోలేదు, తనంతట తాను దించుకోలేదు. ఎవరు ఎత్తించారో వాళ్లే వెంట ఉండి దించాలి. మార్కెట్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. దొంగలు కూడా పాటిస్తారు. ఎసినామ్ కేటా ఊరి పిల్ల, చేపల గంపలు ఎత్తిస్తూ దించుతూ పెరిగింది, ఆమెకు ఎవరో చెప్పాలా?

వేదిక అవతల చప్పట్లు. నాలుగో కలెక్షన్ వెళుతోంది. ఎవరో సిమెంటు సంచులతో కోటు కుట్టారు. చీటీ చదువుతున్నారు, ఫలానా తాపీమేస్త్రీ ఇంటి పెరట్లో దొరికింది అని, జనం ఆ మేస్త్రీకి కూడా చప్పట్లు కొడుతున్నారు. చెమట కళ్లలోకి దిగుతోంది. ఆ రోజు ఎక్కాల్సింది కాలేజీలో ఎసినామ్ గదికి, మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం మానేసి ఏడాదైంది. పిల్ల ముందు, ఎసినామ్ వెనక, ఒక్కొక్క మెట్టూ, దుమ్ములో అరిపాదాల అచ్చులు. రెండో అంతస్తు దగ్గర ఫోను మోగింది. ఆమెకు పాఠం చెప్పే క్వార్తే సార్. స్పాన్సర్లకు ముందుగా పంపే షో కేటలాగు అచ్చుకు వెళ్లిపోతోంది, నీ కలెక్షన్ గురించి ఒక్క వాక్యం కావాలి, ఇప్పుడే, పది నిమిషాల్లో అన్నాడు. ఆమె పిల్లను దాటుకుని పైకి వెళ్లింది, తలుపు తాళం తీసింది, కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటుందని అక్కడికి వెళ్లింది. వెనక పిల్ల పైకి వచ్చిన చప్పుడు వినిపించింది. మెట్ల పైనున్న ఇరుకు చదునులో నిలబడింది, వీపు వెనక మెట్లు, ముందు తలుపు, పక్కకు వంగే చోటు లేదు. అక్కా, దించు అంది. ఎసినామ్ వేలు చూపించింది. ఒక్క నిమిషం. సార్‌కు మొదటి వాక్యం నచ్చలేదు. రెండోదీ నచ్చలేదు. అక్కా. ఒక్క నిమిషం. మన ఒంటి మీది బట్టల బరువు ఎవరి మెడ మోస్తోంది? ఆ ప్రశ్న వేద్దాం సార్, వాక్యం కాకుండా ప్రశ్న వేద్దాం అంది ఎసినామ్, అనగానే అటువైపు సార్ అబ్బా అన్నాడు. అది అచ్చయింది. ఇప్పుడు హాల్లో ప్రతి కుర్చీ మీదా ఉంది. మూడోసారి పిల్ల పిలిచిందా, పిలవలేదా? ఐదు నెలలుగా ఎసినామ్ ఆ ఒక్కటే వెతుకుతోంది చెవుల్లో. చప్పుడు మాత్రం గుర్తుంది. బస్తా పడిన చప్పుడు కాదు. బస్తా పడేముందు వచ్చిన చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిచినట్టు.

టాక్సీ వెనక సీటులో పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు మాత్రం తనవి కానట్టు పడి ఉన్నాయి. క్లినిక్‌లో నర్సు కాగితం తీసి పేరేంటి అని అడిగింది. తెలియదు. నిజంగానే తెలియదు, అడగలేదు. నీకేమవుతుంది? ఏమీ కాదు, రోడ్డు మీద పడి ఉంటే తెచ్చాను. అదే మొదటి అబద్ధం, అంత తేలిగ్గా వచ్చింది. నర్సు లోపలికి వెళ్లగానే ఆమె బయటికి నడిచింది, నడిచి, వీధి మలుపు తిరిగి, పరిగెత్తింది. చేతిలో ఏదో ఉందని గదికి వచ్చాక గానీ తెలియలేదు. పసుపు చుట్టకుదురు. విడిపోలేదు, ఆ మెలిక అంత గట్టిది. మూడు రోజులు రోజూ వెళ్లి క్లినిక్ ఎదురుగా టైర్ల కొట్టు దగ్గర నిలబడింది. మూడో రోజు జోంగో అనే ముస్లిం పేట పెద్దలు నలుగురు పికప్ తెచ్చారు, తెల్లగుడ్డలో చుట్టిన సన్నటి పొడవాటి మూట ఎక్కించారు. పిల్ల జేబులో తస్బీహ్ జపమాల దొరికిందని, మనవాళ్ల బిడ్డేనని వాళ్లే తీసుకెళ్లారట. ఆమె టాక్సీలో వెంటపడింది. ఖబరస్తాన్ గోడ అవతలి నుంచి చూసింది. వాళ్లు వెళ్లిపోయాక లోపలికి వెళ్లి, చుట్టకుదురు కొసను జానెడు కోసి, తలవైపున్న వేపమొక్కకు కట్టింది.

అది అక్కడితో ఆగిపోవలసింది. మర్నాడు క్వార్తే సార్ వర్క్‌షాపులోకి వచ్చి, బల్ల మీద ఆ పసుపు చుట్టకుదురు చూసి అలాగే నిలబడిపోయాడు. చేతిలోకి తీసుకోకుండా చుట్టూ తిరిగి చూశాడు. ఇదీ మెడ, నీ కలెక్షన్ అంతా ఇదే, ప్రతి గౌనుకూ ఇలాంటి మెడ ఉండాలి, చివరిది మాత్రం ఇదే పెట్టాలి, దీంట్లో ప్రాణం ఉంది అన్నాడు. ఎక్కడ దొరికింది ఇది? కేటాలో ఏది పోయినా నెపం సముద్రం మీదికి తోసేస్తారు. ఇల్లు ఏది? సముద్రం తినేసింది. కోట ఏది? సముద్రం. నానమ్మ సమాధి ఉన్న చోటు ఇప్పుడు పడవలు తిరుగుతాయి, ఎవరూ ఎవర్నీ నిందించరు, సముద్రం వైపు గడ్డం ఎత్తి ఊరుకుంటారు. ఆమె నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సముద్రం ఒడ్డున సార్ అంది. కాదు, ఇది వద్దు అని ఒక్క మాట అనడానికి ఆ రోజు రోజంతా సమయం ఉంది. అనలేదు. ఎందుకంటే సార్ చెప్పింది నిజమే, అది అద్భుతంగా ఉంది. గెలిచినవాళ్లకు లాగోస్‌లో పెద్ద డిజైనర్ దగ్గర ఏడాది పని. ఈ ఊరికి, ఈ మెట్లకు, ఆ టైర్ల కొట్టుకు దూరంగా ఏడాది.

ఆ తర్వాత ఐదు వారాలకు మార్కెట్లో ఒక అమ్మాయి ఫోను చాపి పట్టుకుని కనిపించింది. కనబడ్డ వాళ్లందరికీ ఫోటో చూపిస్తోంది. మా అక్క, పేరు అజారా, నేను కుమాసీ ఊరి నుంచి వచ్చాను, తను ఫోను ఎత్తడం లేదు, చూశారా? ఫోటోలో చెంప మీద చిన్న గాటు. ఎసినామ్‌కు పేరు అలా తెలిసింది. చూడలేదు అంది. చెప్పేద్దామనే నోరు తెరిచింది, ఆ మాట బదులు పని కావాలా అనే మాట వచ్చింది. ఆ అమ్మాయి సనాతు. మూడు నెలలు సముద్రం ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన బట్టల చిక్కులు లాగి, ఉప్పునీళ్లు కారుతుండగా మూటలు మోసింది ఎసినామ్ కోసం. ప్రతిసారీ ఎసినామే ఎత్తించింది. ప్రతిసారీ పరిగెత్తి దించింది, మూట వాకిట్లోకి రాకముందే, చేతిలో ఏమున్నా పారేసి. ఒకసారి సూది వేలిలో దిగి ఉండగానే పరిగెత్తింది. సనాతు నవ్వింది. నీలాంటివాళ్లు ఈ ఊళ్లో లేరక్కా, ఒక్కసారి కూడా నన్ను నిలబెట్టలేదు అంది. శుక్రవారాలు ఆసుపత్రులు తిరిగేది, ఈ వారం ఫలానా చోటికి వెళ్లాను, లేదు అని వచ్చి చెప్పేది. ఎసినామ్ ఆ చిన్న క్లినిక్ పేరు ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మ రోజూ అడుగుతోంది, బతికుందనుకోమంటావా, పోయిందనుకోమంటావా, ఒక్కటి తేల్చి చెప్పు అని ఏడుస్తోంది అనేది సనాతు. అప్పుడు ఎసినామ్ ఆమెకు ఇంకో గిన్నెడు అన్నం వడ్డించేది. చివరికి, మోతలు మోసే మెడలే నా గౌన్లు వేసుకుని నడవాలి సార్, మోడళ్లు వద్దు అని పట్టుబట్టి సనాతును తెచ్చింది. మంచిపని చేస్తున్నాననుకుంది.

ఇరవై నిమిషాలు. అమ్మాయిలు వచ్చేశారు, ఆరుగురూ మార్కెట్ పిల్లలే, ఒకరి గౌను చూసి ఒకరు నవ్వుకుంటున్నారు. సనాతు ఆరో గౌను వేసుకుని నిలబడింది. ఎసినామ్ సంచీలో చేయి పెట్టి నకలు తీసి ఆమె మెడ చుట్టూ అమర్చింది. అయిపోయింది అనుకుంది. అప్పుడే క్వార్తే సార్ కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు. ఒక్క చూపు. ఇదేంటి, ఇది అసలుది కాదే, నా కళ్లకే గంతలు కడతావా, నీకు పాఠం చెప్పినవాణ్ని నేను అన్నాడు. పాడవుతుందని సార్. పాడవనీ, పాడైందే కదా మనం అమ్ముతున్నది అని నవ్వి, ఆమె కాళ్ల దగ్గరి సంచీ తెరిచి, అసలుది బయటికి తీశాడు. ఆయన చేతులు సనాతు మెడ దగ్గరికి వెళ్లడం, నకలు తీసి అసలుది పెట్టడం, భుజం తట్టి వెళ్లిపోవడం, అంతా ఎసినామ్ కళ్ల ముందే జరిగింది.

సనాతు నవ్వు ఆగింది. చేయి మెల్లగా పైకి వెళ్లింది. వేళ్లు గుడ్డ మీద నడిచాయి, మెలిక వెంట, ఎడమవైపుకు, ఎడమవైపుకు, కొస దాకా. కొస దగ్గర ఆగాయి. చివర ఎవరో కోశారు అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత తల వంచి, బుగ్గను ఆ గుడ్డకు ఆనించి, ఊపిరి పీల్చింది. ఇస్త్రీపెట్టెల ఆవిరి, జనరేటరు పొగ, పానకం తీపి, ఇన్నింటి మధ్య ఆమె ముక్కుకు ఏం తగిలిందో.

"అక్కా, ఇది ఎక్కడ దొరికింది?"

నిజానికి ఇప్పుడు ఒక్క మాట చాలు. ఎసినామ్‌కు కేటా కనిపించింది, కెరటాల్లోకి ఒరిగిన ఇంటి గోడ, గడ్డం ఎత్తిన నాన్న. బయట ఆమె పేరు పిలుస్తున్నారు. ఒక్క నిమిషం అని ఎవరో అరిచారు, ఆ అరుపు తనదేనని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

"సముద్రం దగ్గర," అంది.

సనాతు వరసలో వెళ్లి నిలబడింది, ఆరో మనిషిగా, వీపు నిటారుగా. ఒకటో గౌను, చీటీ, చప్పట్లు. రెండోది. సముద్రం అంది కదా, ఈ రాత్రికి వాళ్లమ్మకు ఫోను చేసి చెబుతుంది, అక్క మునిగిపోయిందమ్మా అని. చేపలు తినేశాయని ఏడుస్తారు. ఏడ్చి ఊరుకుంటారు. వేపమొక్క దగ్గరికి ఎవరూ రారు. మూడోది, నాలుగోది. ఇది కూడా ఒక రకంగా తేల్చి చెప్పడమే కదా? ఐదోది. కాదు. మనిషిని మూడో అంతస్తులో నిలబెట్టడం ఒకటి. ఇప్పుడు ఆమెను మట్టిలోంచి తీసి నీళ్లలోకి తోయడం ఇంకొకటి. మైకులో చీటీ చదివారు. సముద్రం ఒడ్డున దొరికింది. ఎవరిదో తెలియదు. అందరికీ ఆ రెండో వాక్యం బాగా తగిలింది. సనాతు నడిచింది, నీళ్ల కుండ తల మీద పెట్టుకున్న మనిషిలా, ఒక్క అంగుళం కూడా పైకీ కిందికీ ఊగకుండా. వేదిక చివర ఆగింది. అక్కడ తిరగాలి, వెనక్కి రావాలి. తిరగలేదు. రెండు చేతులూ ఎత్తి, మెడ మీది చుట్టకుదురు తీసి, తల మీద పెట్టుకుంది. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, మెడ బిగించి, అలాగే నిలబడింది.

సంగీతం అయిపోయింది. ఆమె కదల్లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. సార్ ఎసినామ్ భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు, ఇది నాకు కూడా చెప్పలేదే, గెలిచావమ్మాయ్, వెళ్లు, డిజైనర్ వెళ్లి దండం పెట్టాలి, వెళ్లు అంటున్నాడు. ఈ హాల్లో ఆ నిలబడడం ఏమిటో తెలిసినవాళ్లు ఎనిమిదిమంది. తెర పక్కన గుమిగూడిన ఐదుగురు మార్కెట్ పిల్లలు, వాళ్లు చప్పట్లు కొట్టడం లేదు. వేదిక మీద సనాతు. తాను. ఎనిమిదోది ఖబరస్తాన్‌లో ఉంది, ఆమెను కూడా లెక్కలో వేసుకుంది ఎసినామ్. మోత దించేవాళ్ల కోసం నిలబడింది సనాతు. ఎత్తించినవాళ్లు వస్తే గానీ కదలదు.

దీపాల వేడిలోకి ఎసినామ్ నడిచింది. ఇరవై అడుగులు. ఆ రోజు కిటికీ నుంచి తలుపుకు ఆరడుగులే. వెనకనుంచి వెళ్లి సనాతు ఎదురుగా నిలబడింది. సనాతు ఆమెను చూడలేదు. బరువు మోసే మెడ పక్కకు తిరగదు, కళ్లు కిందికి దిగవు.

"సముద్రంలో గుడ్డ ఉప్పు పట్టి అట్టలా ఉంటుందక్కా. మూడు నెలలు నీకు నేనే మోశాను, నాకు తెలియదా? దీనికి ఇంకా మా ఇంట్లో ఒంటికి రాసుకునే షియా వెన్న వాసన ఉంది." పెదవులు మాత్రమే కదులుతున్నాయి. "నీ పరుగు చూసినప్పుడే అనుమానం వచ్చింది. దించడానికి ఈ ఊళ్లో ఎవరూ అలా పరిగెత్తరు. ఎవరినో నిలబెట్టినవాళ్లు తప్ప."

ఎసినామ్ చేతులు పైకి లేచాయి.

"ముట్టుకోకు. ఎక్కడుందో చెప్పు. చెప్పేదాకా దించుకోను."

చీటీలు చదివినామె నవ్వుతూ మైకు తెచ్చి ఎసినామ్ నోటి దగ్గర పెట్టింది. రెండు మాటలు చెప్పమంది. సనాతు మోకాళ్లు సన్నగా వణకడం మొదలైంది, గుడ్డముక్క కింద, నిజంగానే బరువు మోస్తున్నట్టు. ఎంతసేపైనా నిలబడుతుంది. ఆమె అక్క కూడా నిలబడింది.

"ఇది సముద్రంలో దొరకలేదు," అంది ఎసినామ్. గొంతు హాలంతా వినిపించింది, తనకే కొత్తగా. "రైలుపట్టాల అవతల జోంగో ఖబరస్తాన్ ఉంది. గోడ పక్కన నాలుగో వరస. చిన్న వేపమొక్క. దానికి ఇదే గుడ్డ, జానెడు ముక్క, కట్టాను. పేరు రాయలేదు. అప్పటికి నేను పేరు అడగలేదు. ఫిబ్రవరిలో మా మెట్ల మీద... నేనే ఎత్తించాను. దించమని అడిగింది. ఒక్క నిమిషం అన్నాను."

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగాయి, తర్వాత రెండో వరసలో, అలా వెనక్కి వెళుతూ, చివరి వరసలో ఇంకా ఎవరో అర్థంకాక కొడుతూనే ఉన్నారు. సార్ తెర పక్కన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. మైకు పట్టుకున్నామె మైకును కిందికి దించడం మరిచిపోయింది. ఎసినామ్ రెండు చేతులూ చాపి సనాతు తల మీది చుట్టకుదురు పట్టుకుంది. అర కిలో కూడా లేదు. దించడానికి ఆమె ఒంట్లో ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

అప్పుడు సనాతు మెడ తిప్పి, ఆమె ముఖంలోకి చూసింది.